మూడు దినాలు తడి తగలొద్దు

మా బాపు తన పేరు తాను చెప్పుకున్నందుకు మాకు ఇల్లు పోయింది. తెలంగాణ వచ్చిన తొమ్మిదో ఎండాకాలం అది. పాలమూరులో రోళ్లు పగిలే ఎండలు. ఇల్లు పోయినందుకు నేను ఏడవలేదు. ఆ ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు పోయినందుకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు. నిజం చెప్పుకోవాలి కదా.

ఆ షెడ్డు కోసమే మేము అబద్ధమాడాం. ఆడింది మా ఆయన విజేందర్, పక్కన నిలబడి ఊకొట్టింది నేను. అంతకుముందు నాలుగిళ్లు చూశాం. నాలుగు చోట్లా కిరాయి కుదిరింది, నీళ్ల వంతు కుదిరింది, తీరా గడప దిగే వేళకు "ఇంతకూ మీరేమోళ్లు?" అన్న మాట దగ్గర బెడిసింది. ఐదో ఇల్లు కృష్ణకాంత్ సారుది. నీళ్లపారుదల శాఖలో చేసి రిటైరైన మెత్తటి మనిషి. ఇంటి వెనక రెండు గదులు, పక్కన కారు పట్టేంత షెడ్డు. ఆయనా అదే అడిగితే విజేందర్ రెప్ప వేయకుండా "కురుమోళ్లం సార్" అన్నాడు. గొర్రెలు కాయడం మా ఇంటావంటా లేదు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కృష్ణకాంత్ సారువాళ్లేమోళ్లో నేను చెప్పను. వాళ్లు మమ్మల్ని అడిగారు గానీ మేము వాళ్లను అడగలేదు.

విజేందర్ కిరాయికి తిప్పే కారు హైదరాబాదులో ఒక డాక్టరు వాడి వాడి అమ్మింది. సీట్లు అసలు తోలువి. పదేళ్ల ఎండకు డ్రైవరు సీటు అంచు పిగిలి స్పాంజి బయటికొచ్చింది. వెనక సీటు ఎండిన చెరువులా నెర్రెలు బారింది. కిరాయికి పిలిచినవాళ్లు తలుపు తీసి సీటు చూసి, ముఖం చిట్లించి, ఇంకో కారు మాట్లాడుకునేవాళ్లు. బస్టాండు దగ్గర సీటు కవర్ల దుకాణంవాడికి చూపిస్తే "ఇది పీకి పారేసి రెగ్జిన్ కొట్టిద్దాం" అన్నాడు. అసలు తోలు పీకి ప్లాస్టిక్ తొడుగుతానంటే నాకు ఎక్కడో కాలింది. ఎందుకు కాలిందో అప్పుడు నాకే తెలియదు.

"నేను జేస్త" అన్నాను.

ఫోన్లో వీడియోలు చూసి చేశాను. సబ్బు నురగ, మెత్తటి బ్రష్షు పెట్టి మురికి తీశాను. పగుళ్లలో పేస్టు నింపి, ఆరాక సన్నటి గరుకు కాగితంతో రుద్దాను. స్పాంజితో గోధుమరంగు అద్దాను. సీట్లు నిన్న షోరూములోంచి వచ్చినట్లు మెరిశాయి. నేను కూడా మెరిశాను. మరుసటి రోజే శ్రీశైలం కిరాయి. వెనక సీట్లో ఒక పెద్దాయన తెల్ల లాల్చీ వేసుకుని దర్జాగా కూర్చున్నాడు. కల్వకుర్తి దాటాక చాయ్ తాగడానికి దిగితే వీపంతా గోధుమరంగు. రంగు అంటకుండా పైన ఇంకో పూత వేయాలట. వీడియోలో ఆ ముక్క వచ్చే వేళకు మా ఇంట్లో పాలు పొంగాయి, నేను పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. ఆ లాల్చీని శ్రీశైలంలో ఉతికి ఆరేసి ఇచ్చి వచ్చిన విజేందర్ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ వారంలోనే మా బాపు కేతేపల్లి నుంచి దిగాడు. ఒక కంటి పొర నిరుడు తీయించాం. రెండో కంటికి పాలమూరు దవాఖానలో జూన్ నెలకు తారీఖు ఇచ్చారు. బాపు పేరు ఇస్రాయేలు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల పది ఊళ్లకు చెప్పులు కుట్టాడు, మోట బావులకు నీళ్లు తోడే తోలు తొండాలు కుట్టాడు. బావులకు కరెంటు మోటర్లు, కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు వచ్చాక ఆ పని పోయింది. ఆ తర్వాత హమాలీ చేసి మమ్మల్ని పెంచాడు. తోలు ముట్టి ముప్పై ఏళ్లు దాటింది.

విజేందర్ బస్టాండు నుంచి తీసుకొస్తూ దారిలోనే మా అబద్ధం సంగతి చెప్పేశాడు. కారు దిగేసరికి బాపు ముఖంలో నవ్వు లేదు. గేటు దగ్గరే కృష్ణకాంత్ సారు ఎదురొచ్చాడు.

"మా మామ, సార్. గుర్వయ్య" అన్నాడు విజేందర్.

బాపు చేతిసంచిని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. అందులో ఆయన బైబిలు ఉంది.

లోపలికొచ్చాక మంచినీళ్లిచ్చి, "రెండు నెల్లే కద బాపూ, జర ఓర్సుకో" అన్నాను.

"గుర్వయ్య మంచి పేరే బిడ్డా" అన్నాడు గ్లాసు అందుకుంటూ. "గని నాది గాదు."

సాయంత్రం షెడ్డులోకి వచ్చి కారు తలుపు తీయించుకున్నాడు. చూపు సరిగా ఆనదు కాబట్టి సీటంతా వేళ్లతో తడిమాడు. నెర్రెల మీద గోరు గీసి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏం జేసినవే దీనికి?"

"రంగేసిన."

"ఆకలైనోనికి అన్నం బెట్టకుంట అంగీ తొడిగినవు. తోలు ఎండుకపోయింది గదనే. ముందుగాల దానికి తినవెట్టాలె."

మర్నాడే ఆముదం తెప్పించాడు. తొడుగులు విప్పదీయించి, తోలును తిరగేసి, లోపలి వైపు నుంచి వేళ్లతో చంటిపిల్లకు రాసినట్లు ఆముదం పట్టించాడు. రెండు రోజులు నీడలో ఉంచాం. ఆ తర్వాత పైవైపు నేను స్పిరిట్ గుడ్డతో తుడిచి, పలుచగా మూడుసార్లు రంగద్ది, పొయ్యి మీద పాలు లేకుండా చూసుకుని, పై పూత కూడా వేశాను. పిగిలిన అంచు బాపు కుట్టాడు. సంచిలో బైబిలు కింద నుంచి ఒక గుడ్డ మూట తీశాడు. అందులో ఆరె ఉంది. తోలుకు బెజ్జం పొడిచే ఇనుప ముల్లు. దాని చెక్క పిడి అరచేతి ఒరిపిడికి నున్నగా అయిపోయింది. పని పోయిన ముప్పై ఏళ్లూ దాన్ని ఆయన సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాడని నాకు తెలియదు.

"కండ్లు ఆనయి గదా, ఎట్ల కుడ్తవు బాపూ?" అంటే వేలు ఎత్తి చూపి "ఏలున్నది గద" అన్నాడు.

కుట్టు పూర్తయ్యాక తోలు లోపలి వైపున, ఎవరికీ కనబడని చోట, కాకికాలులా మూడు చిన్న కుట్లు వేశాడు. ఎందుకని అడిగాను.

"మీ తాత గుర్తు. తెగితే ఎవరింటికి రావాలెనో తెల్వాలె గద."

పదిహేను రోజుల్లో కారు కిరాయిలు పుంజుకున్నాయి. విజేందర్ ముఖం వికసించింది. కృష్ణకాంత్ సారు వచ్చి సీటు మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చున్నాడు. ఆయనకు ఉద్యోగంలో ఉండగా ముచ్చటపడి కొనుక్కున్న పాత కారు ఒకటి ఉంది. మీగడరంగు తోలు సీట్లు. దాన్ని తిప్పే దానికన్నా తుడిచేది ఎక్కువ.

"ఏం గుర్వయ్యా! చేతిల గింత హునర్ వెట్టుకొని గొర్లెంబడి తిరిగినవా?" అన్నాడు.

బాపుకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. నేను నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకు సిగ్గుగా ఉంటుంది.

సారు ఆ కారు డ్రైవరు సీటు విప్పించి మా షెడ్డులో పెట్టించాడు. ఆయన భార్య శ్రీదేవి గారు రోజూ పన్నెండు గంటలకు బాపుకు మజ్జిగ తెచ్చిచ్చేది. వాళ్లింటి మంచి స్టీలు గ్లాసు, మీద ఆమె పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉండేది. బాపు తాగేదాకా నిలబడి, కేతేపల్లి కబుర్లు నాలుగు అడిగి, ఖాళీ గ్లాసు పట్టుకెళ్లేది. చెడ్డ మనిషని నేను ఇప్పటికీ అనను. చల్లటి మజ్జిగ, అల్లం ముక్క వేసి మరీ తెచ్చేది.

మే నెల సగానికి వచ్చింది. ఆ రోజు బాపు నేల మీద కూర్చుని సీటు పక్క ముక్క కుడుతున్నాడు. నేను పక్కనే రంగు కలుపుతున్నాను. శ్రీదేవి గారు గ్లాసుతో వచ్చి, ఇవ్వకుండా నిలబడిపోయింది. ఏం చూస్తున్నదా అని నేనూ అటు చూశాను. బాపు తోలును కుడికాలి బొటనవేలు కింద తొక్కిపట్టి ఉన్నాడు.

తరతరాలుగా తోలు పని చేసేవాళ్లు అట్లాగే పడతారు. ఒక చేతికి ఆరె, ఒక చేతికి దారం, మూడో చెయ్యి కాలే. సీటు తొడుగులు కుట్టే దుకాణాలవాళ్లకు మిషన్లుంటాయి, కాలు అవసరం లేదు. మేము పేరు దాచాం, కులం దాచాం, బైబిలు బీరువాలో పెట్టి తాళం వేశాం. బాపు కాలి బొటనవేలికి మాత్రం ఎవరం ఏమీ చెప్పలేదు. శ్రీదేవి గారిదీ పల్లెటూరే. చిన్నప్పుడు తన చెప్పులు కుట్టిచ్చిన మనిషి ముందు ఆమె ఎన్నిసార్లు నిలబడి ఉంటుందో.

"గుర్వయ్యా, గీ పని ఏడ నేర్సినవు?" అంది.

మిలిటరీలో అని చెప్పేద్దామని నా నాలుక చివరి దాకా వచ్చింది. బాపు దారం లాగాడు, కుట్టు బిగించాడు, అప్పుడు తలెత్తాడు.

"మా నాయిన దగ్గర నేర్సిన తల్లీ. నా పేరు ఇస్రాయేలు. మేం మాదిగోళ్లం."

ఎండ ఎట్లా ఉందో చెప్పినట్లు చెప్పి, తల వంచి, ఇంకో పోటు పొడిచాడు.

ఆమె గ్లాసు నేల మీద పెట్టి వెళ్లిపోయింది. తాగేదాకా ఆగలేదు. సాయంత్రం నేను కడిగి తీసుకెళ్తే తలుపు సగమే తీసింది. "ఉండనీ కోమలా. మీరే ఉంచుకోండ్రి" అంది. నా కళ్లలోకి చూడలేదు.

తెల్లవారి సారు వచ్చాడు. షెడ్డు లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు.

"నాకైతే గివన్ని పట్టింపులు లేవు కోమలా. గని చుట్టాలొస్తుంటరు, పూజలుంటయి. పైంగ మీరు అబద్ధం చెప్పుడు మాకు బాధయింది. నెలాఖరుకు ఖాళీ చేయిండ్రి. సీటు ఎట్లున్నదట్ల బిగించుండ్రి, బయట చేయించుకుంట."

"నిజం జెప్తే ఇల్లిస్తుంటిరా సారూ?" అన్నాను.

ఆయన గేటు గొళ్లెం అటొకసారి ఇటొకసారి జరిపి వెళ్లిపోయాడు.

విజేందర్ ఆ కోపమంతా బాపు మీద చూపించాడు. "ఒక్క నెల నోరు మూసుకుంటే ఏం పోతుండె మామా? గీ షెడ్డు మళ్ల దొరుకుతదా మాకు?" అని అరిచాడు. బాపు బట్టలు సంచిలో పెట్టుకోసాగాడు. విజేందర్ నా వైపు తిరిగాడు. "నువ్వన్న పోయి చెప్పు. కండ్ల మందులకు ముసలాయనకు మతి తప్పింది, ఏదో వాగిండని చెప్పు."

అప్పటిదాకా నేనూ ఆ అబద్ధంలో పిల్లి పాలు తాగినట్లు కళ్లు మూసుకుని బతికాను. ఎవరికీ తెలియదనుకున్నాను. మా బాపుకు మతి తప్పిందని నా నోటితో చెప్పమనేసరికి ఒళ్లు మండిపోయింది.

"మా బాపుకు తప్పలే మతి. మనకు తప్పింది" అన్నాను. "ఇల్లు పోతే ఇంకో ఇల్లు జూస్కుందం. పేరు పోతే ఏ అంగట్ల కొనుక్కొస్తవు? నువ్వు మీ అయ్య పేరు మార్చి చెప్పినవా ఎన్నడన్న? మా అయ్య పేరే అగ్గువకు దొరికిందా నీకు?"

విజేందర్ మెట్టు మీద కూలబడ్డాడు. "మరి షెడ్డో?" అన్నాడు చిన్నగా. అంత కోపంలోనూ నాకు జాలేసింది. నా బాధా అదే కదా.

నేను బాపు చేతిలో సంచి లాక్కున్నాను. ఆయన నన్ను కాదు, షెడ్డులో సగం కుట్టిన సీటును చూస్తున్నాడు. "సగం కుట్టి ఇడ్సిపెట్టుడు మా ఇంట్ల లేదు బిడ్డా" అన్నాడు. "పొడిసిన పోటుకు దారం ఎక్కాలె."

నాలుగు రోజులు పట్టింది. మేము చేసిన సీట్లన్నిటిలో అంత బాగా ఏదీ కుదరలేదు. ఆఖరి కుట్టు దగ్గర బాపు ఆరె నా చేతికిచ్చి, "గుర్తు నువ్వెయ్యి" అన్నాడు. నేను ఎప్పుడూ స్టూలు మీద కూర్చుని పనిచేసేదాన్ని. ఆ రోజు చెప్పులు విడిచి నేల మీద కూర్చుని, బొటనవేలితో తోలు తొక్కిపట్టాను. గేటు మూయబోతున్న విజేందర్‌ను వద్దన్నాను. బార్లా తెరిచి ఉంచమన్నాను. బజారున పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. కొందరు చూశారు. చూడనీ అనుకున్నాను. మూడు కుట్లూ వంకరగా వచ్చాయి గానీ గట్టిగా వచ్చాయి.

ముందు రోజు రంగు, పై పూత వేసి, నెలాఖరు నాడు సీటు సారు కారులో బిగించి, సారును పిలిచి చెప్పాను. "కొత్త రంగు సారూ. పై పూత ఇంక పచ్చిగున్నది. మూడు దినాలు తడి తగలొద్దు. తుడువకుండ్రి గూడ."

ఆయన తలూపాడు. మేము ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించుకుంటున్నాం. శ్రీదేవి గారు ఇత్తడి చెంబులో పసుపునీళ్లు, మామిడిరెమ్మ పట్టుకుని బయటికొచ్చింది. మా గదుల గడపల మీద చల్లింది. షెడ్డు నేల మీద చల్లింది. సారు కారు తలుపు తీసింది.

ఒట్టు, నాకు అప్పుడు కులం గుర్తులేదు, ఆ మీగడరంగు తోలే గుర్తుంది. "అమ్మా! ఆ సీటు మీద సల్లకుండ్రి! పసుపసలే వద్దు!" అని ట్రాలీ మీద నుంచి కేకేశాను.

శుద్ధి చేస్తుంటే నాకు రోషమొచ్చిందనుకుంది ఆమె. నా వైపు ఒకసారి చూసి, రెమ్మను చెంబులో నిండా ముంచి, మళ్లీ చల్లింది. అంచుల్లోకి కూడా చల్లింది.

"చెప్పినవు గద" అన్నాడు బాపు పరుపుల మూట మీద కూర్చుని. "సల్లుకోనీ."

రైలు గేటు అవతల మూతపడిన గిర్ని ఒకటి దొరికింది. బిక్షమ్మ అనే ముసలామెది. ఐదేళ్లుగా అక్కడ పిండి పట్టడం లేదు. పెద్ద పెద్ద గోడలు, మీద రేకులు, లోపల కావలసినంత నీడ. తాళం తీయకముందే నేను చెప్పాను. "మేం మాదిగోళ్లం పెద్దమ్మా. తోలు పని జేస్తం. తర్వాత అనొద్దు."

"గిర్నిల ఎవరి జొన్నలు పట్టినా పిండే అయితది గదనే" అంది ఆమె. "ఎలుకలున్నయి. గది సూస్కోండ్రి."

బోర్డు విజేందరే రాశాడు. ఎవరూ చెప్పలేదు. రేకు ముక్క తెచ్చుకుని, నాలిక కొస బయటపెట్టి, పొద్దంతా కూర్చుని రాశాడు. 'ఇస్రాయేలు, కోమల. తోలు సీట్ల పని.' కింద మూడు గీతలు, కాకికాలు. నేను దాన్ని రోడ్డు మీదికి కనబడేలా కట్టించాను.

జూన్‌లో బాపుకు రెండో కన్ను బాగైంది. మిరుగు కార్తెలో నాలుగు చినుకులు పడిన మధ్యాహ్నం గిర్ని ముందు ఆటో ఆగింది. కృష్ణకాంత్ సారు దిగాడు. దుప్పటిలో చుట్టిన సీటును ఆటో డ్రైవరు, ఆయన చెరోవైపు పట్టుకొచ్చి అరుగు మీద పెట్టారు. మనిషి చెమటతో తడిసిపోయాడు.

"గుర్వయ్య ఉన్నడా?" అన్నాడు.

బాపు నాలుగడుగుల దూరంలో నల్లద్దాలు పెట్టుకుని ఎవరిదో సీటు కుడుతున్నాడు. తల తిప్పలేదు. నేనూ స్పాంజి ఆపలేదు.

"గుర్వయ్యనేటోళ్లు గీడ ఎవ్వరు లేరు సారూ."

ఆయన దుప్పటి తీశాడు. మీగడరంగు తోలు మీద, వీపు ఆనే చోటు నుంచి కింది దాకా, పసుపు చుక్కలు. పచ్చి పూతలోకి ఇంకిపోయాయి. "బస్టాండు కాడోడు పోదన్నడు" అన్నాడు. "హైదరాబాదుల సుత అడిగిన. పీకి రెగ్జిన్ ఎయ్యాలంటున్నరు."

నేను బ్రష్షు కోసం పక్కకు చెయ్యి చాపాను. మా బ్రష్షులన్నీ స్టీలు గ్లాసులో ఉంటాయి. ఆయన చూపు ఆ గ్లాసు మీద పడింది. రంగు మరకల మధ్య భార్య పేరు చుక్కలు చుక్కలుగా కనబడుతున్నది.

"ఎవరి దగ్గర పని జేయించుకుందామని వచ్చిన్రు సారూ?" అని అడిగాను.

ఆయన పైకి చూశాడు. బోర్డు నెత్తి మీదే ఉంది. రోడ్డు వైపు చూశాడు. ఆటో డ్రైవరు బీడీ ముట్టించుకుని ఇటే చూస్తున్నాడు.

"ఇస్రాయేలు గారూ" అన్నాడు, పక్కవాడికి కూడా వినబడనట్లు.

"జర గట్టిగ పిలువుండ్రి. గిర్ని మోతల మా బాపుకు వినొస్తలేదు."

గిర్ని మూతపడి ఐదేళ్లు. వానచినుకు రేకు మీద పడినా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇస్రాయేలు గారూ!"

"ఆఁ" అన్నాడు బాపు, చేతిలో పని పక్కన పెట్టి. "రాండ్రి సారూ. కూసోండ్రి."

లేచి వచ్చి, సీటు తొడుగు అంచు విప్పి తిరగేశాడు. కొత్తగా చూపొచ్చిన కళ్లున్నా అలవాటు చొప్పున వేలితోనే వెతికాడు. వంకర కుట్లు మూడూ తగిలాక వేలు అక్కడే ఉంచి, నా వైపు తిరిగాడు.

"మన సీటే బిడ్డా. తీస్కో."